పాత రంపపు బల్ల: బాగుచేయించడమా, మార్చడమా?

నిర్మల్ ప్రాంతంలోని మా ఇంటి వెనుక రేకుల కొట్టంలో పద్నాలుగేళ్ళ పాటు ఒక రంపపు బల్ల ఉండేది. పది అంగుళాల బ్లేడు, ఒక హార్స్ పవర్ మోటారు, పోత ఇనుప పైభాగం, స్థానిక వెల్డరు అతికిన యాంగిల్ కాళ్ళు. వయసు మీద పడి పని మానుకున్న ఒక వడ్రంగి ఆచారి గారి వద్ద దాన్ని కొన్నాను. నాకంటే ముందు ఆయన చేతిలో అది మరో పదిహేనేళ్ళు తిరిగింది. గత శీతాకాలంలో అది మొరాయించినప్పుడు బాగుచేయించాలా, తీసేసి కొత్తది తేవాలా అన్న ప్రశ్న ఎదురైంది. చిన్న ప్రశ్నే అనుకున్నాను. తేలడానికి నాలుగు నెలలు పట్టింది.

అరబీ వ్యాకరణం బోధించే మనిషికి రంపపు పొట్టుతో ఏం పని అని మా బంధువులే అడుగుతుంటారు. విద్యార్థి దశలో నేను ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్ జిల్లాలో చదువుకున్నాను. సహారన్‌పూర్ కొయ్య చెక్కడానికి పేరుపొందిన పట్టణం. సెలవు దొరికిన ప్రతిసారీ అక్కడి సందుల్లో షీషం చెక్కపై పూలతీగలు మలిచే పనివారి ఎదుట కూర్చుండిపోయేవాణ్ణి. ఒకే పలకను మందం వెంట చీల్చి, మడత బందును సైతం అదే కొయ్యలో తొలిచి, ఒక్క మేకు లేకుండా ఖురాన్ చదువుకునే రిహల్‌ను తయారుచేయడం అక్కడే చూశాను. జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగం చేసేవారని హదీసు పాఠంలో చదువుకున్న రోజులవి. ఆ ముచ్చట మనసులో నిలిచిపోయింది. కూల్చిన పాత ఇళ్ళ టేకు ద్వారబంధాలు కొని తెచ్చి, ఏడాదికి పదో పన్నెండో రిహల్‌లు, పిల్లలకు రాత పలకలు, ఇంటికి ఒకటో రెండో పీటలు చేస్తాను. బందు తొలిచేది ఉలితోనే. కానీ వంకరపోయిన ద్వారబంధాన్ని నిటారు పలకలుగా కోయడం చేతిరంపంతో నా వయసువాడికి సాధ్యం కాదు. ఆ పని బల్ల చేసేది.

శీతాకాలంలో మూడు జబ్బులు ఒకేసారి బయటపడ్డాయి. స్విచ్చి వేస్తే మోటారు గుర్రుమంటుందే తప్ప తిరగదు. ఎలాగో తిరిగితే లోపల ఇసుక నలిగినట్లు చప్పుడు. కోసిన చెక్క అంచు మాడి నల్లబడుతుంది, గీత తప్పుతుంది. ఊళ్ళోని మెకానిక్కు వచ్చి చూసి, "మౌలానా, మోటారు కాలింది, వైండింగు చేయాలి" అన్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అబ్బాయి, "అబ్బా, ఇంకా ఎన్నాళ్ళు దాన్ని పట్టుకుని వేలాడతారు, కొత్తది తెప్పిస్తాను" అన్నాడు. ఇద్దరి మాటా వినకుండా నేను చవకైన భాగం నుంచి మొదలుపెట్టాను. ఖరీదైన అనుమానం ముందు పుట్టడం మెకానిక్కులకు అలవాటు.

అన్నిటికంటే చవక బ్లేడును శుభ్రం చేయడం. ముసలిదైపోయిందని జనం తీసేసే యంత్రాలలో చాలావాటికి ఉన్న జబ్బు మొద్దుబారిన బ్లేడే. టేకులోని జిడ్డు పళ్ళ పక్కల గట్టిపడి పేరుకుంటే కోతలో రాపిడి పెరిగి చెక్క మాడుతుంది, మోటారు మీద భారం పడుతుంది. దాన్ని సబ్బునీటిలో నానబెట్టి పాత పళ్ళ బ్రష్షుతో రుద్దితే చాలావరకు పోతుంది. పళ్ళ సంఖ్య కూడా చూడాలి. నార వెంట నిలువుగా కోయడానికి 24 నుంచి 30 పళ్ళు, నారకు అడ్డంగా కోయడానికి 60 నుంచి 80 పళ్ళు ఉన్నవి వాడతారు. నేను ఏళ్ళ తరబడి 60 పళ్ళ బ్లేడుతో నిలువు కోతలు కోస్తూ యంత్రాన్ని తిట్టాను. మధ్యలో పొట్టు బయటికి పోయే చోటు చాలక చెక్క మాడిపోతుంటే దానిదా తప్పు? బ్లేడు విప్పేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. బ్లేడు తిరిగే దిశలోనే నట్టు తిప్పితే వదులవుతుంది. తిరుగుతున్న కొద్దీ నట్టు బిగుసుకునేలా మరలు అలా కోస్తారు. ఇది తెలియక ఎదురు తిప్పి మరలు చెడగొట్టుకున్నవారిని చూశాను.

తరువాత ప్లగ్గు పీకి, బెల్టు తీసి, బ్లేడు ఇరుసును చేత్తో తిప్పాను. చప్పుడు అక్కడే ఉంది. ఇరుసు కొస పట్టుకుని పైకీ కిందికీ కదిపితే వెంట్రుకవాసి ఆట కూడా తెలిసింది. బేరింగులు పోయాయి. వాటి అంచున 6204 అని చెక్కి ఉంది. ఈ అంకె ప్రపంచమంతటా ఒక్కటే: లోపలి రంధ్రం 20, బయటి వ్యాసం 47, మందం 14 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ బేరింగైనా సరిపోతుంది. అంకె చివర ఉండే అక్షరాలు ముఖ్యం. రంపపు పొట్టు మధ్య తిరిగే చోట లోహపు మూత ఉన్నదానికంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నది మేలు. సికింద్రాబాదు రాణీగంజ్‌లో రెండు తెప్పించుకున్నాను. వాటిని ఎక్కించేటప్పుడే చాలామంది చెడగొడతారు. ఇరుసు మీదికి ఎక్కించేటప్పుడు ఒత్తిడి లోపలి వలయం మీద పడాలి, గూటిలో దించేటప్పుడు బయటి వలయం మీద పడాలి. తిరగేసి కొడితే దెబ్బ మధ్యలోని గుండ్లకు తగిలి, కొత్త బేరింగు మొదటి రోజే గంటుపడుతుంది. లేత్ మిషను అతని ప్రెస్సు మీద పని పది నిమిషాలలో అయిపోయింది.

ఇక కాలిందన్న మోటారు. గుర్రుమంటూ తిరగని సింగిల్ ఫేజ్ మోటారులో మొదట అనుమానించవలసింది కెపాసిటర్‌ను, మన మెకానిక్కులు కండెన్సర్ అంటారు. మాది ఉబ్బిపోయి ఉంది. ప్లగ్గు పీకిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలువ ఉంటుంది కనుక తెలిసినవారే దాన్ని ఖాళీ చేసి విప్పాలి. అదే మోటారు వెనుక మూత తీస్తే, వేగం అందుకున్నాక మొదటి చుట్టను విడదీసే చిన్న స్విచ్చి ఉంటుంది. దాని నిండా పొట్టు. ఊదితే దుమ్ము లేచింది. కెపాసిటర్ మార్చి, స్విచ్చి శుభ్రం చేయగానే మోటారు తిరిగింది. తీగచుట్టకు ఏమీ కాలేదు.

చివరిది గీత తప్పడం. బల్ల పైభాగంలో చెక్కను అడ్డంగా నడిపే పట్టీ జారడానికి ఒక గాడి ఉంటుంది. బ్లేడు ఆ గాడికి సమాంతరంగా ఉండాలి. ఒక పంటికి సుద్దతో గుర్తు పెట్టి, దాన్ని ముందువైపు నిలిపి గాడి నుంచి దూరం కొలవాలి. తరువాత అదే పంటిని వెనుకకు తిప్పి మళ్ళీ కొలవాలి. వేర్వేరు పళ్ళను కొలిస్తే బ్లేడు వంకర కూడా లెక్కలోకి వచ్చి మోసపోతాం. మాకు దాదాపు ఒక మిల్లీమీటరు తేడా కనిపించింది. అడుగు బోల్టులు వదులుచేసి, చెక్క దిమ్మెతో మెల్లగా తట్టుతూ, రెండు కాగితాల మందం తేడాకు తెచ్చేసరికి ఒక శుక్రవారం ఉదయమంతా పోయింది. పక్కనుండే గైడును కూడా అదే గాడికి సరిచూశాను. ఖర్చంతా కలిపి రెండు వేల రూపాయలు దాటలేదు. అబ్బాయికి ఫోను చేసి గర్వంగానే చెప్పాను.

ఆ గర్వం ఫిబ్రవరిలో దిగిపోయింది.

ఒక మధ్యాహ్నం టేకు పలక కోస్తుండగా కరెంటు పోయింది. బ్లేడు దానంతట అదే ఆగింది. అసర్ అజాను వినిపించడంతో వుజూ చేసుకోవడానికి వెళ్ళాను. స్విచ్చి ఆపలేదు. కరెంటే లేనప్పుడు ఆపడమేమిటని మనసుకు తోచనే లేదు. పన్నెండేళ్ళ విద్యార్థి ఒకడు, నేను చెప్పకుండానే, బ్లేడు చుట్టూ పేరుకున్న పొట్టును చిన్న చీపురుతో ఊడ్వసాగాడు. కరెంటు వచ్చింది. చీపురు వాడి చేతిలోంచి ఎగిరి గోడకు తగిలి ముక్కలైంది. నేను పరుగున వచ్చేసరికి వాడు నిలుచున్న చోటే నిలుచుని, తన అరచేతులు రెండూ తిప్పి చూసుకుంటున్నాడు. జానెడు దూరంలో బ్లేడు తిరుగుతోంది. వాడికి ఏమీ కాలేదు. అల్హమ్దులిల్లాహ్ అనడానికి కూడా నా నోట మాట రాలేదు.

ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. మా ఇంటివారు యంత్రాన్ని గురించి ఏనాడూ పెద్దగా మాట్లాడలేదు. "రెండు వేలతో అయిందా, ముప్పై వేలతో అయ్యేదా, ఆ లెక్క మీరే చూసుకోండి. వాడి తల్లి వచ్చి నిలుచుంటే ఏం చెప్పేవాళ్ళమో అది మాత్రం నాకు చెప్పండి" అన్నారు. నేను చెప్పలేకపోయాను.

కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రం తనంతట తాను తిరగకుండా చేసే పరికరం కొత్తదేమీ కాదు, ప్రతి రైతు పొలంలోనూ ఉంటుంది. పంపుసెట్టు స్టార్టరులో ఒక చిన్న తీగచుట్ట ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు అది అయస్కాంతమై లోపలి కొసలను కలిపి ఉంచుతుంది. కరెంటు పోగానే స్ప్రింగు వాటిని విడదీస్తుంది. మళ్ళీ ఆకుపచ్చ బొత్తాం నొక్కితే తప్ప కలవవు. రాత్రివేళ కరెంటు వచ్చినప్పుడు లేచి వెళ్ళే బాధ తప్పించుకోవడానికి మన రైతులు దానికి ఆటో స్టార్టర్లు తగిలించుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్తు మొదలయ్యాక వాటిని తీయమని ప్రభుత్వమే చెప్పవలసివచ్చింది. పంపుకు అది వేరే గొడవ. రంపానికి మాత్రం అసలు స్టార్టరే కావాలి. ఎలక్ట్రీషియనును పిలిచి సింగిల్ ఫేజ్ స్టార్టరు పెట్టించి, ఎర్తు తీగ సరిచేయించాను. కొట్టానికి తాళం కూడా వేయడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళ యంత్రానికి అంతవరకు ఇవేవీ లేవు.

దానితో ఆగివుండేవాణ్ణే. కానీ ఒకసారి కళ్ళు తెరుచుకున్నాక మిగిలినవి కూడా కనిపించసాగాయి. మా మోటారు నిమిషానికి 1440 సార్లు తిరుగుతుంది. దాని పుల్లీ ఐదు అంగుళాలు, ఇరుసు పుల్లీ రెండు. అంటే బ్లేడు నిమిషానికి 3600 చుట్లు. పది అంగుళాల బ్లేడు చుట్టుకొలత దాదాపు 80 సెంటీమీటర్లు. లెక్క కడితే పంటి వేగం గంటకు 170 కిలోమీటర్లు దాటింది. ముందుభాగంలో పళ్ళు కిందికి దిగుతూ చెక్కను బల్లకు అదిమిపెడతాయి. వెనుకభాగంలో పైకి లేస్తాయి. కొన్ని చెక్కలలో, ముఖ్యంగా దశాబ్దాలు గోడ బరువు మోసిన ద్వారబంధాలలో, లోపల బిగువు దాగి ఉంటుంది. కోత సాగుతుండగా చీలిన రెండు పాయలు దగ్గరకు ముడుచుకుని బ్లేడును వెనుక నుంచి పట్టేస్తాయి. పైకి లేచే పళ్ళు ఆ చెక్కను ఎత్తి, కోస్తున్న మనిషి మీదికే విసురుతాయి. వడ్రంగులు చెక్క తన్నిందంటారు. నన్ను రెండుసార్లు తన్నింది. ఒకసారి పొత్తికడుపు మీద కమిలిన మచ్చ నెల రోజులు ఉంది. అది పనిలో భాగమే అనుకున్నాను. ఆచారి గారు కూడా అలాగే అనుకునేవారు, ఆయన ఎడమ చేతికి చూపుడు వేలు సగమే ఉండేది.

దీనికి విరుగుడు రైవింగ్ నైఫ్ అనే సన్నని ఉక్కు పలక. బ్లేడు వెనుకనే ఒంపుగా నిలిచి, బ్లేడుతో పాటు పైకీ కిందికీ కదులుతుంది. దాని మందం బ్లేడు రేకు కంటే కొంచెం ఎక్కువగా, కోత వెడల్పు కంటే కొంచెం తక్కువగా ఉండాలి. చీలిన పాయలు ముడుచుకున్నా ఆ పలకను పట్టుకుంటాయి గాని పళ్ళను పట్టుకోలేవు. ఇంత సాదా వస్తువు మా బల్లకు లేదు. పెట్టించడానికి లేత్ మిషను అతనితో రెండు రోజులు తంటాలు పడ్డాను. బ్లేడును మోసే ఊయల ఒకే పోత. పలక బిగించాలంటే బేరింగు గూడు గోడకే రంధ్రాలు వేయాలి, గూడు బలహీనపడుతుంది. పోత ఇనుముకు వెల్డింగు నమ్మదగినది కాదు. పోనీ బల్ల పైభాగంలో బ్లేడు చుట్టూ విడిగా తీసే పలక ఉంటే దానికి ఒక చెక్క నాలుకైనా అమర్చవచ్చు. అదీ లేదు, పైభాగమంతా ఒకే పోత. "మౌలానా, దీనికి చేయగలిగింది చేశాం, ఇక దీనిలో చోటు లేదు" అన్నాడతడు. మోటారు, బేరింగులు, పైభాగం అన్నీ మంచి స్థితిలో ఉన్న యంత్రం గురించి అన్న మాట అది.

అమెరికాలో స్టీవ్ గ్యాస్ అనే ఆయన, భౌతికశాస్త్రం చదివిన పేటెంటు న్యాయవాది, 1999లో మరో మార్గం కనిపెట్టాడు. బ్లేడులో స్వల్ప విద్యుత్ సంకేతం ప్రవహిస్తూ ఉంటుంది. వేలు తగిలితే దేహం ఆ సంకేతాన్ని కొంత లాగేసుకుంటుంది. వెంటనే స్ప్రింగు ఒక అల్యూమినియం దిమ్మెను పళ్ళలోకి తోస్తుంది. సెకనులో వెయ్యోవంతులు ఐదు గడిచేలోగా బ్లేడు ఆగిపోతుంది. చర్మం మీద గీరుకుపోయినంత గాయంతో మనిషి బయటపడతాడు. దిమ్మె పనికిరాకుండా పోతుంది, తరచుగా బ్లేడు కూడా. ఆ దేశంలో రంపపు బల్లల బ్లేడు తగిలి ఆసుపత్రులకు చేరేవారు ఏటా సుమారు 30,000 మంది అని అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం లెక్క. ఆ యంత్రం ధర నా బోటివాడికి అందదు. అయినా దాని గురించి చదివాక, నా రెండు వేల రూపాయల విజయం ఎంత చిన్నదో తెలిసింది.

కనుక మార్చాలని నిశ్చయించుకున్నాను. ఊళ్ళో తలుపుల పని కొత్తగా మొదలుపెట్టిన ఒక యువకుడికి ఈ సంగతి తెలిసి, తొమ్మిది వేలు ఇస్తానని వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ తొమ్మిది వేలు నాకు అవసరం. వస్తువులోని లోపం దాచి అమ్మకూడదన్నది మనకు తెలిసిన నియమమే. వెనుక పలక లేదని, ఎందుకు పెట్టలేమో, ఎలా తన్నుతుందో అన్నీ చెప్పాను. అతడు నవ్వాడు. "హజ్రత్, మా ఉస్తాదు దగ్గరున్నదీ ఇట్లాంటిదే. ఎవరి దగ్గరుంది ఆ పలక?"

లోపం చెప్పి అమ్మితే, కొనేవాడు సమ్మతిస్తే, అమ్మకం చెల్లుతుంది. ఫిఖ్‌హ్‌లో ఈ అధ్యాయాన్ని నేనే పిల్లలకు బోధిస్తాను. అయినా ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. అతడు సమ్మతించింది ప్రమాదానికి కాదు, ధరకు. ముప్పై వేలు పెట్టలేనివాడి సమ్మతి అది. తెల్లవారి అమ్మనని చెప్పాను. అతడికి కోపం వచ్చింది. తాను తీసేసిన దాన్ని ఇంకొకరికి అందనివ్వరు ఈ పెద్దలు అని మసీదు మెట్ల దగ్గర అన్నాడట. అతని కోణంలో అది అబద్ధం కూడా కాదు.

కొత్తది ఒక పేరున్న కంపెనీ పది అంగుళాల బల్ల, ముప్పై వేలకు పైచిలుకు అయింది. సగం అబ్బాయి పెట్టాడు. వెనుక పలక ఉంది, బ్లేడు మీద మూత ఉంది, కరెంటు పోయి వస్తే తిరగని స్విచ్చి ఉంది. లోపాలూ ఉన్నాయి. పైభాగం తేలికపాటి అల్యూమినియం, పొడవు పలక పెడితే తూగుతుంది. దీని మోటారు కార్బన్ బ్రష్షుల మీద తిరిగేది కనుక పాతదానికంటే చాలా పెద్ద చప్పుడు, చెవులకు మఫ్లరు చుట్టుకోక తప్పదు. బ్రష్షులు అరిగినప్పుడల్లా మార్చాలి, అవి దగ్గరలో దొరుకుతాయో లేదో కొనేముందే అడిగాను. వేరే బ్లేడు కొనాలన్నా ఇక ఇష్టారాజ్యం కుదరదు. బ్లేడు రేకు మందం పలక మీద రాసిన అంకెకు పొసగాలి, మధ్య రంధ్రం ఇరుసుకు సరిపోవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మాత్రం రెండింటికీ సమానమే. చెక్క దుమ్ము క్యాన్సరు కారకాలలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధనా విభాగం ఎప్పుడో తేల్చింది.

పాత బల్లను విప్పేశాం. పోత ఇనుము తూకానికి వెళ్ళింది. మోటారుకు సానరాయి బిగించాను. బక్రీదుకు వారం ముందు వీధిలోని కత్తులన్నీ మా కొట్టానికే వచ్చాయి.

ఆ యువకుడు సామిల్లు వాళ్ళ దగ్గర వేరే పాత బల్ల కొన్నాడు. తెలిసి వెళ్ళాను. మొదట పలకరించలేదు. నా స్టార్టరు సంచిలో పెట్టుకుని వెళ్ళాను, దాన్ని తీసి బల్ల మీద పెట్టాక కుర్చీ చూపించాడు. ఎలక్ట్రీషియనుతో అదే రోజు బిగించాం. ఆ బల్లకు బ్లేడు చుట్టూ విడిగా వచ్చే పలక ఉంది, వెనుక నాలుక అమర్చడానికి వీలుంది. చేయిస్తానన్నాడు. నెల క్రితం వెళ్ళినప్పుడు ఇంకా చేయించలేదు. వచ్చే గురువారం లేత్ మిషను అతన్ని వెంటబెట్టుకుని వస్తానని చెప్పి వచ్చాను.